పీత కత్తిరించిన పోగులు

ఆకాశంలోని పన్నెండిళ్ల వాడలో దీపం లేని కొంప పీతది. ఎద్దుకి రోహిణి ఉంది, సింహానికి మఖ ఉంది, తేలుకి ఎర్రటి జ్యేష్ఠ ఉంది. పీత ఇంట్లో ఉన్నవన్నీ మినుకుమినుకుమనే చిల్లర చుక్కలు. కింద నేల మీద తాతలు మనవలకి ఎద్దునీ తేలునీ వేలుపెట్టి చూపిస్తారు. పీత వంతు వచ్చేసరికి "అక్కడెక్కడో ఉండాలిరా" అని చెయ్యి దించేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా పీతకి ప్రాణం చివుక్కుమనేది.

అలాంటి పీత పెరట్లో ఒకనాడు పొగ కమ్మింది. నల్లటి, చల్లటి పొగ. పోనుపోను అది పేనిన నూలులా పోగులు పోగులుగా సాగింది. నాలుగు పోగులు ఒకచోట కలిసి ముడిపడ్డాయి. ఆ ముడి నానాటికీ బలుస్తోంది.

ఒక ఇల్లు విడిచి అవతల ఉండే ఎద్దు వచ్చి, పోగులన్నిటినీ తీరిగ్గా వాసన చూసింది.

"అల్లుడూ, నీ పంట పండింది. ఒంటి పోగు మీద పుట్టేవి చిన్న చుక్కలే, పూసలు గుచ్చినట్టు. నా పెరట్లో ఎప్పుడూ అవే. పోగులన్నీ కలిసే చోటే మహాచుక్క పుడుతుంది."

"ఒక్క ముడికి అంత పొగ ఎక్కణ్ణుంచి వస్తుంది మామా?"

"ఎక్కడెక్కడి పొగో పోగుల వెంట పారుతూ ఉంటుంది. బరువున్న చోటికే బరువు చేరుతుంది. నువ్వు చెయ్యాల్సిందల్లా చేతులు కట్టుకుని కూర్చోవడం."

చెప్పడం తేలికే. చేతులే కత్తెరలైనవాడు వాటిని కట్టుకునేదెలా?

పీతకి పక్కిల్లు సింహానిది. ఆ ఇంటి వెనక చూరు పట్టుకుని బతికే నక్కకీ ఒక ముడి ఉంది, రెండు పోగుల బక్క ముడి. పీత ముడిని చూసినప్పటినుంచీ నక్కకి తిండి సయించలేదు. ఒకనాడు కంచె దగ్గరికొచ్చి పలకరించింది.

"ఏం బావా, ముడి బాగా బలిసిందే."

"బలుస్తోంది బావా. పొగ పారుతోందని మామ చెప్పాడు."

"పారుతోందన్నాడా, పారిపోతోందన్నాడా?"

పీత తడబడింది. "పారుతోందనే అన్నట్టుంది."

"మీ మామ నెమరేస్తూ మాట్లాడతాడు, సగం మాట దవడలోనే ఉండిపోతుంది. నీకు కళ్లున్నాయిగా, నువ్వే చూసుకో."

పీత చూసింది. దాని ఖర్మ అక్కడే కాలింది. పుట్టిన దగ్గర్నుంచీ పక్కకి నడిచిన ప్రాణం అది. ముందుకి రావడం, వెనక్కి పోవడం దాని బతుకులో లేవు. పొగ కదులుతోందని తెలుస్తోంది గాని, వస్తోందో పోతోందో అంతుపట్టడం లేదు.

"కదులుతోంది బావా," అంది భయంగా.

"మరి? నాలుగు కన్నాలున్న కుండలో నీళ్లు నిలుస్తాయా? ఇంకా చూస్తూ కూర్చుంటే నీకు మిగిలేది మసి. ఆలస్యం అమృతం విషం అన్నారు."

"మామని ఓ మాట అడిగి..."

"అడుగు. ఆయన అడుగు తీసి అడుగు వేసి వచ్చేసరికి ముడంటూ మిగిలితే చూపించు."

పీత ఇక ఆగలేకపోయింది. నాలుగు పోగుల్నీ ముడి మొదట్లో కత్తిరించేసింది. పనితనానికి వంక పెట్టలేం, ఒక్క పీలిక కూడా వేలాడలేదు.

తెగిన పోగులు కాసేపు దిక్కులేకుండా ఊగాయి. పీత ముడితో పట్టు తెగిపోయింది కాబట్టి, తర్వాత దగ్గర్లో ఇంకెక్కడ బరువుందో అటు ఒరిగాయి. కంచె దాటి నక్క ముడిని చేరాయి. పీత మాత్రం తన ముడి చుట్టూ కాపలా తిరుగుతూనే ఉంది, ఇక ఏదీ పోదన్న ధీమాతో.

కాలం గడిచింది. నక్క పెరట్లో నీలివెలుగుతో మహాచుక్క భగ్గున లేచింది. దాని వేడిగాలికి చుట్టుపక్కల మిగిలిన పొగంతా చెదిరిపోయింది. పీత ముడిలోంచీ ఒక చుక్క పుట్టింది. ఎర్రగా, చిన్నగా, ఇంట్లో ఉన్న చిల్లర చుక్కల్లాంటిదే.

ఎద్దు వచ్చి చూసి నెమరు ఆపేసింది. "పోగులు ఎవరు తెంపారు?"

"నేనే మామా. పారిపోతోందనుకున్నాను."

"ఒక్కసారి పోగు మీద పడుకుని చూడాల్సిందిరా. నిన్ను కూడా మోసుకొచ్చి ముడిలో పడేసేది."

"మళ్లీ ముడేయలేమా?"

"పొగ ఉంటేగా వెయ్యడానికి." పీత మొహం చూసి ఎద్దుకి జాలేసింది. "ఊరుకో. అంత పెద్దగా వెలిగేవి తొందరగానే ఆరిపోతాయి. నక్క దీపం పేలి బూడిదయ్యాక కూడా నీ చిన్నది ఉంటుంది."

"ఉంటుంది మామా. ఉన్నట్టు ఎవరికీ తెలీదు, అంతే."

కంచె అవతల నక్క కొత్త దీపం వెలుగులో వెచ్చగా ఒళ్లు విరుచుకుంటోంది.

వచ్చేదేదో పోయేదేదో తెలియనివాడు కత్తెర పట్టకూడదు.