సోమన్న జాతకంలో గురుదృష్టి

యజ్ఞన్నకి జ్యోతిషం మీద విరక్తి కలిగింది. కలగడంలో వింత లేదు.

అన్న సోమన్న మిద్దె బాగుచేస్తూ జారిపడ్డాడు. ప్రాణం దక్కింది కానీ ఒళ్లు చచ్చుబడింది, మాట పోయింది. అమ్మానాన్నలు లేని ఇల్లు. చిన్నప్పుడు యజ్ఞన్నని పెంచింది ఆ అన్నే. ఇప్పుడు యజ్ఞన్నే ఒళ్లు తుడవాలి, గంజి కాచాలి, వీపున పుండ్లు పడకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. ఆ పనులన్నీ అయ్యాక పక్కింటావిడని కాస్త కనిపెట్టుకోమని, తుంగభద్ర ఒడ్డు వెంట నడిచి విరూపాక్షయ్యగారి దగ్గర జ్యోతిషం పాఠానికి కూర్చునేవాడు. కూర్చోగానే కళ్లు మూతలు పడేవి.

ఒక ఉదయం పాఠం మధ్యలో అన్న జాతకచక్రం తీసి గురువుగారి ముందు పెట్టాడు. చంద్రుడి మీద గురుగ్రహం అయిదో చూపు పడుతోంది. ఇంతకంటే చల్లని చూపు లేదని మీరే చెప్పారు, మరి ఈ మనిషి ఇలా ఎందుకు పడి ఉన్నాడని అడిగాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. అలసిపోయాడు, అంతే.

విరూపాక్షయ్యగారు చక్రాన్ని కాసేపు చూశారు. కండువా భుజాన వేసుకుని లేచారు.

"మీ ఇంటికి పోదాం పద."

ముసలి మోకాళ్లు. దారిలో చాలాచోట్ల కూర్చుంటూ నడిచారు. ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

ఆయన మంచం అంచున కూర్చుని, గిన్నెలో గంజి పోయించుకుని, చెంచాతో సోమన్న నోటికి అందించారు. సోమన్న పెదాలు బిగించాడు. అతని కళ్లు ఆయన భుజం మీదుగా గుమ్మం వైపు వెతుకుతున్నాయి.

యజ్ఞన్న నొచ్చుకున్నాడు. కొత్తవాళ్ల చేత తాగడని చెప్పి, చెంచా అందుకుని పక్కన కూర్చున్నాడు. సోమన్న నోరు తెరిచాడు. గుటక వేస్తున్నంతసేపూ తమ్ముడి ముఖం మీంచి చూపు తిప్పలేదు. నుదుటి ముడతలు మెల్లగా విడిపోయాయి.

"చంద్రుణ్ణి చూసే గురుడు ఏ ఇంట కూర్చున్నాడు?" అని అడిగారు విరూపాక్షయ్యగారు.

"మూడో ఇంట."

"అది ఎవరి స్థానం?"

"తమ్ముళ్ల..."

యజ్ఞన్న ఆగిపోయాడు. చెంచా గిన్నెలోనే ఉండిపోయింది. సోమన్న నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నాడు. తేరుకుని ఇంకో చెంచా పట్టాడు.

గిన్నె ఖాళీ అయ్యాక, తల ఎత్తకుండానే అడిగాడు.

"అయితే అన్న లేవడాండీ?"

"లేవకపోవచ్చు."

యజ్ఞన్న కళ్లు తుడుచుకోలేదు. అంత ఓపిక కూడా లేదతనికి. విరూపాక్షయ్యగారు అతని భుజం మీది తుండు తీసుకుని సోమన్న గడ్డానికి అంటిన గంజి తుడిచారు. ఈసారి సోమన్న పెదాలు బిగించలేదు.

"పోయి పడుకో నాయనా," అన్నారాయన. "ఈ పూటకి నేను చూస్తాను."