బొల్లి గొర్రె నుదుటి కుచ్చు

ఒకప్పుడు గొర్రెలు ఒకదాని వెనక ఒకటి నడిచేవి కావు. పొద్దున దడి తలుపు తీస్తే చాలు, ఏ గొర్రె దారి దానిదే. ఒకటి గుట్ట మీదికి పోయేది, ఒకటి వాగు ఒడ్డుకు పోయేది, ఇంకొకటి పోయినేడు తిన్న తీపి గడ్డిని వెతుక్కుంటూ పోయేది. పొద్దు గూకే వేళకు అన్నీ వాటంతట అవే మందకు తిరిగొచ్చేవి. కాపరికి పెద్ద పనేమీ ఉండేది కాదు. నీడన కూర్చుని ఈతాకు చాపలు అల్లుకునేవాడు.

ఎందుకంటే గొర్రెకు అన్నీ గుర్తుండేవి. ఏ బండ పక్కన నీళ్ళ చెలమ ఉందో గుర్తు. ఏ పొదలో తోడేలు పడుకుంటుందో గుర్తు. తన ముత్తవ్వ ఏ వానలో తడిసిందో కూడా గుర్తే. మాటలు కూడా చక్కగా వచ్చేవి. మనుషులు ఏదైనా మరిచిపోతే పోయి గొర్రెను అడిగేవారు.

ఆ రోజుల్లో మనుషులకు ఉన్ని వడకడం తెలియదు. ఎండాకాలంలో గొర్రెల ఒంటి మీది బొచ్చు రాలిపోయి, ముళ్ళకంపలకు చిక్కుకుని, గాలికి కొట్టుకుపోయేది. ఎవరూ దానికేసి చూసేవారు కాదు. వానాకాలం వస్తే కప్పుకోవడానికి తోళ్ళే గతి. తోలు కావాలంటే గొర్రెను కొయ్యాలి.

కొమురవ్వ, బీరయ్య అని ఇద్దరు ఆలుమగలు ఉండేవారు. వాళ్ళకు చిన్న మంద, ఒక చంటిబిడ్డ. ఆ బిడ్డ పుట్టగానే ముసురు పట్టింది. తడికి రొమ్ము పట్టేసి, బిడ్డ బతుకుతుందో లేదో అన్నట్టయింది. ఎట్లాగో గట్టెక్కింది గానీ ఆ భయం మాత్రం బీరయ్యను వదల్లేదు.

"ఈసారి వానలు రాకముందే బిడ్డకు మెత్తటి తోలు సిద్ధం చెయ్యాలె," అన్నాడు ఒకనాడు. "ముదురు గొర్రె తోలు బిరుసుగ ఉంటది. బొల్లి పిల్లదైతే పత్తి లెక్క ఉంటది."

బొల్లి మందలోకెల్లా పెద్ద గొర్రె. ఒళ్ళంతా కారు నలుపు. నుదుటి మీద మాత్రం పాల నురుగులాంటి తెల్లటి కుచ్చు. అందుకే దాన్ని బొల్లి అని పిలిచేవారు. దానికి లేక లేక పుట్టిన పిల్ల అప్పుడప్పుడే గడ్డి కొరకడం నేర్చుకుంటోంది.

దడి అవతల నిలబడి బొల్లి ఆ మాట విన్నది. నేరుగా కొమురవ్వ దగ్గరికి వచ్చింది.

"కొమురీ, నీ మొగని మాట విన్నవా?"

"విన్న, బొల్లక్కా. నన్నేం చెయ్యమంటవు? నాకూ బిడ్డ ఉన్నది గదా."

"నీ బిడ్డ వణకొద్దు, నా బిడ్డ చావొద్దు. దానికో ఉపాయం ఉన్నది. నేర్చుకునే ఓపిక ఉన్నదా నీకు?"

"ఓపిక తప్ప నా దగ్గర ఇంకేమున్నది?" అన్నది కొమురవ్వ.

బొల్లి ఆమెను రేగుకంప దగ్గరికి తీసుకుపోయింది. ముల్లుకు చిక్కిన ఉన్ని పీచు ఒకటి వేలాడుతోంది. గాలి దాన్ని తిప్పి తిప్పి సన్నని పురి పెట్టింది.

"లాగు," అన్నది బొల్లి.

కొమురవ్వ లాగింది. తెగలేదు. ఇంకా గట్టిగా లాగింది. వేలు కోసుకుపోయింది గానీ పీచు తెగలేదు.

"విడిగ ఉంటే ఊదితే ఎగిరిపోయే బొచ్చు. పురి పెడితే నీ బలానికి కూడ తెగలే. మా ముత్తవ్వ నాటి నుంచి గాలి ఈ పని చేసుకుంటనే ఉన్నది. మీరే కండ్లు తెరిచి చూస్తలేరు."

కొమురవ్వ ఆ పీచును వేలికి చుట్టుకుని ఇంటికి పోయి బీరయ్యకు చూపించింది. బీరయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈత చాప అల్లే చెయ్యి నాది," అన్నాడు. "దారం నువ్వియ్యి, దుప్పటి నేనల్లుత. తొలి ముసురు నాటికి తయారైతే సరే. లేకుంటే మాత్రం బొల్లి పిల్లను కోసుడే."

అట్లా మొదలైంది కొమురవ్వ చదువు.

బొల్లి చెప్పినట్టే ముందు మందను వాగులో దింపి కడిగింది. ఎండలో ఆరాక కత్తెర పట్టింది. గొర్రెలు బెదరకుండా బొల్లే ముందు వచ్చి నిలబడింది.

"ఒంటి మీదిదంతా తీసుకో," అన్నది. "నుదుటి మీది కుచ్చు మాత్రం ముట్టుకోకు. నాదే కాదు, ఏ గొర్రెదీ ముట్టుకోకు."

"ఎందుకక్కా? అందం పోతదనా?"

"అందమెవరికి కావాలె. నా దారులన్నీ దాంట్లనే ఉన్నయి. నేను చూసినవి, మా అవ్వ చెప్పినవి, అన్నీ."

కొమురవ్వ తల ఊపింది. గొర్రెలకూ సోకు ఉంటుంది కాబోలు అని లోపల నవ్వుకుంది.

ఉన్నిలోంచి పల్లేరుకాయలు ఏరింది. చిక్కులు విడదీసి, వేళ్ళతో పింజలు పింజలుగా విప్పింది. సన్నటి పుల్లకు కుండపెంకు గుచ్చి కదురు చేసింది. కదురు గిర్రున తిప్పి ఉన్ని అందించింది. దారం తెగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ తెగింది. సాయంత్రానికి ఎట్లాగో మూరెడు దారం తీసి బొల్లి ముందు పెట్టింది.

బొల్లి దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఎట్లున్నదక్కా?"

"కప్పలను మింగిన పాము లెక్కున్నది. ఇక్కడొక కప్ప, ఇక్కడొక కప్ప. ఇక్కడైతే పాపం పామే లేదు."

కొమురవ్వ మూతి ముడుచుకుంది. పక్కనున్న బొల్లి పిల్ల ఆ దారాన్ని నోట కరుచుకుని దడి చుట్టూ పరుగెత్తింది. అది చూసి ఇద్దరికీ నవ్వొచ్చింది.

"నువ్వు గట్టిగ పట్టుకుంటున్నవు," అన్నది బొల్లి. "కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకో. జారిపోవద్దు, నలిగిపోవద్దు. చెయ్యి తొందరపడితే కదురు కోపం చేస్తది."

రోజూ అదే పాఠం. మేతకు పోయినా కొమురవ్వ చేతిలో కదురే. బిడ్డకు పాలిస్తూ వడికేది, గట్టు ఎక్కుతూ వడికేది. మెల్లమెల్లగా దారంలోంచి కప్పలు పోయాయి. పాము సన్నబడింది. ఒకనాడు దారం తెగకుండా కదురు నిండింది. బొల్లి దాన్ని ముక్కుతో తాకి, "ఇక నీకు నా అవసరం లేదు," అన్నది. కొమురవ్వకు ఆ పొగడ్త ఎంతో తీయగా ఉంది. పోయి బొల్లి మెడ కావలించుకుంది.

బీరయ్య గుంజలు పాతి, వాటి మధ్య దారాలు బారుగా లాగి పడుగు కట్టాడు. చాప అల్లినట్టే అల్లాడు. చింతగింజల గంజి పట్టించి ఎండబెట్టాడు. నల్లటి గొంగడి తయారైంది. లోకంలో అదే మొదటి గొంగడి.

కొమురవ్వ బిడ్డను వీపున కట్టుకుని, గొంగడి నెత్తి మీదుగా కప్పుకుంది. బీరయ్య చుట్టూ తిరిగి చూశాడు. బిడ్డ పాదాలు బయటికే ఉన్నాయి. గొంగడి జానెడు పొట్టి అయింది.

"ఇంకో జానెడు అల్లు," అన్నది కొమురవ్వ.

"దారం ఏది?"

దారం లేదు. మందంతా కత్తిరించారు. గొర్రెల ఒంటి మీద కొత్త బొచ్చు ఇంకా గరికంత కూడా ఎదగలేదు. పడమట మబ్బు కమ్ముకొస్తోంది.

బీరయ్య చెడ్డవాడు కాదు. కానీ పోయిన ముసురులో బిడ్డ ఎగశ్వాస ఇంకా అతని చెవుల్లోనే ఉంది. లేచి కత్తి నూరే రాయి దగ్గరికి పోయాడు. "తడి పాదాల నుంచే ఎక్కుతది, కొమురీ. రేపు బొల్లి పిల్లను పట్టుకొస్త," అన్నాడు.

ఆ మధ్యాహ్నం మంద తుమ్మనీడలో నెమరు వేస్తోంది. బొల్లి గడ్డం నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని పడుకుంది. నుదుటి మీద తెల్లటి కుచ్చు గాలికి మెల్లగా కదులుతోంది.

కొమురవ్వ పక్కన కూర్చుంది. అడిగితే వద్దంటుందేమోనని అడగలేదు. ఉన్ని మళ్ళీ మొలుస్తుంది గదా అనుకుంది. పుట్టిన నాటి నుంచి మందలోనే పెరిగిన మనిషి. ఏటేటా బొచ్చు రాలడం, ఏటేటా మొలవడం చూసింది. కుచ్చూ అంతే, దారులూ అంతే అనుకుంది. "నీ బిడ్డ కోసమే గదా, బొల్లక్కా," అని లోగొంతుతో అన్నది.

కత్తెర ఆడింది. బొల్లి కళ్ళు తెరవలేదు.

ఆ ఉన్ని వడుకుతుంటే కొమురవ్వకే ఆశ్చర్యం వేసింది. అంత నున్నటి దారం ఆమె చేతికి ఎన్నడూ రాలేదు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు జారినట్టు జారింది. బీరయ్య గొంగడికి తెల్లటి అంచు అల్లాడు. బిడ్డ పాదాలు కప్పుకున్నాయి. బీరయ్య కత్తిని చూరులో దోపేశాడు.

కొమురవ్వ ఆ మంచి మాట చెప్పాలని మందకు పరుగెత్తింది. అక్కడ పిల్ల పాలకోసం బొల్లి పొట్ట కిందికి దూరుతోంది. బొల్లి దాన్ని తలతో నెట్టేసింది.

"ఎవరి పిల్లవు నువ్వు? నిన్ను కన్న అవ్వ దగ్గరికి పో."

"నువ్వే గదనే మా అవ్వవు," అన్నది పిల్ల. ఆటలాడుతోందనుకుని మళ్ళీ దూరింది. బొల్లి మళ్ళీ నెట్టింది. ఈసారి గట్టిగా.

కొమురవ్వ ఇంటికి ఉరికి గొంగడి అంచు ఊడదీసింది. పురి విప్పింది. ఎంత విప్పినా ఆ దారం మెలికలు తిరిగి దారంలాగే ఉంది గానీ మళ్ళీ ఉన్ని కాలేదు. అట్లాగే తెచ్చి చింతగింజల గంజితో బొల్లి నుదుటికి అంటించింది.

"ఏం పెడుతున్నవు?" అని అడిగింది బొల్లి.

"నీదే, అక్కా. నీ దారులు."

"నాకు దారులెందుకు? ఎటు పోవాలె?"

ముసురు మొదలైంది. గంజి కరిగింది. తెల్లటి దారం బురదలోకి జారిపోయింది.

జరిగింది విని బీరయ్య మళ్ళీ కత్తి జోలికి పోలేదు. చలికీ ఆకలికీ గొర్రెపిల్ల వణుకుతోంది. కొమురవ్వ తన బిడ్డను గుడిసెలో బీరయ్య ఒళ్ళో పడుకోబెట్టి వచ్చి, గొంగడిని పిల్ల మీద కప్పింది. అప్పుడు బొల్లి తల తిప్పింది. ముక్కు దగ్గరికి తెచ్చి గొంగడిని వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ వాసన నాకు తెలుసు," అన్నది. "ఎవరిదో చెప్పలేను గానీ, తెలుసు."

పిల్ల పొట్ట కిందికి దూరింది. బొల్లి ఈసారి నెట్టలేదు. ఆనాటి నుంచి ప్రతి పూటా పిల్లను వాసన చూసిన తర్వాతే పాలిచ్చింది.

కొమురవ్వ గొంగడిని చూసి చుట్టుపక్కల మందల ఆడవాళ్ళు వచ్చారు. ఉన్ని వడకడం నేర్పమన్నారు. కొమురవ్వ నేర్పింది. అంచు దగ్గర ఇంకా అంటుకుని ఉన్న తెల్ల పోగును చూసి, "ఇంత నునుపు ఎక్కడిది?" అని అడిగారు. ఆమె దాచలేదు. జరిగిందంతా చెప్పింది.

"నా మాట వినండి, అవ్వా. నుదురు మాత్రం ముట్టుకోకండి. అది మళ్ళీ మొలవలేదు. నేను రోజూ చూస్తున్న."

వాళ్ళు సరేనని తల ఊపారు. దారిలో ఒకామె అన్నది, "తాను చేసుకున్నది, మనను వద్దంటది. చూసినవా?" ఆమె పోయి తన గొర్రె కుచ్చు కత్తిరించింది. ఆమెను చూసి పక్క మందామె కత్తిరించింది. ఆమెను చూసి ఇంకొకామె. ఎందుకు, ఏమిటి అని ఎవరూ ఆగలేదు. ఒకరి వెనక ఒకరు అందరూ కత్తిరించారు.

పొద్దున దడి తలుపు తీస్తే ఆ మందల గొర్రెలు కదలడం మానేశాయి. ఎటు పోవాలో ఒక్కదానికీ తోచలేదు. చివరికి ఒకటి ఊరికే అడుగు వేసింది. దానికి తెలిసే వేసిందనుకుని రెండోది వెంట నడిచింది. రెండోదాన్ని చూసి మూడోది.

బొల్లి మాటలు కూడా ఒక్కొక్కటిగా పోయాయి. ముందు చెలమల పేర్లు పోయాయి. తర్వాత గుట్టల పేర్లు. కొమురవ్వ రోజూ దాని పక్కన నడుస్తూ అన్నీ చెప్పేది. ఇది వాగు, అది రేగుకంప, ఇది నీ బిడ్డ.

ఒకనాడు ఆమె కదురు తిప్పుతుంటే బొల్లి నిలబడి చూసింది.

"మంచిగ వడుకుతున్నవు. ఎవరు నేర్పిండ్రు?"

"నువ్వే, అక్కా. కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోమని నువ్వే చెప్పినవు."

"నేనా? నాకేం తెలుసు?" అన్నది బొల్లి. చాలా మర్యాదగా, కొత్త మనిషితో అన్నట్టు అన్నది.

కొమురవ్వ కదురు పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది. అవే బొల్లి ఆఖరి మాటలు. మరునాడు అది నోరు తెరిస్తే 'మే' అన్న ఒక్క కూత మిగిలింది.

అప్పటినుంచే గొర్రె నుదుటి మీద ఉన్ని మొలవదు. తల్లి గొర్రె పిల్లను వాసన చూడకుండా పాలివ్వదు. మంద ఎటు పోయినా తలలు దించుకుని ఒకదాని వెనక ఒకటే నడుస్తుంది. దారి ముందుదానికి గుర్తుంటుందని వెనకదాని నమ్మకం. ఆ ముందుదానికీ తన ముందుదాని మీద అదే నమ్మకం. అన్నిటికన్నా ముందున్న గొర్రెకు మాత్రం ఎవరూ ఉండరు. అది నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి కాపరి ముఖం చూస్తుంది.