ఖలందరు దిండ్లు

సిలారు తాత వెంట ఉరుసుకు పోవాలని ఖలందరుకు ఎంత ఆశ ఉండేదంటే, ఆ ఆశను తక్కెడలో ఒక వైపు వేస్తే రెండో వైపు ఖలందరునే కూర్చోబెట్టాల్సి వచ్చేది. ఖలందరు తక్కువ మనిషేం కాదు. అతను లేచి వెళ్తే అరుగు కాసేపు ఊపిరి పీల్చుకునేది.

అతని వృత్తి దూది ఏకి పరుపులు కుట్టడం. అతను కుట్టిన పరుపు మీద పడుకున్నవాణ్ని లేపాలంటే ఇంటిల్లిపాదీ చేతులు పట్టుకుని లాగాలి. చుట్టుపక్కల పెళ్లిళ్లు ఖలందరు పరుపు వచ్చేదాకా ఆగేవి, ముహూర్తం దాటినా సరే.

సిలారు తాత ఊరి చివర గడ్డికొట్టంలో ఉండేవాడు. ఎండిన కందికట్టెకు పంచె చుట్టినట్టుండే మనిషి. ఆయన దగ్గరికి అన్ని కులాలవాళ్లూ వచ్చేవాళ్లు. దేవుడు లేడని చెప్పడానికి ఒక బడిపంతులు కూడా రోజూ వచ్చి, చీకటి పడ్డా పోకుండా కూర్చునేవాడు. ఏటా ఒక్కసారి తాత కొండలకవతల ఉన్న తన గురువు దర్గాకు, ఉరుసు నాటికి, పచ్చ చాదరు పట్టుకుపోయేవాడు. ఆ దారికి బస్సు ఇంకా పుట్టలేదు. గూడుబండిలో రోజుల తరబడి పోవాలి. దారినిండా రాళ్లు. ఆ దారిన పోయొచ్చినవాళ్లు బండి దిగ్గానే ముందు నోట్లో వేలు పెట్టి పళ్లు తడుముకునేవాళ్లు.

ఇన్నేళ్లూ తాతకు తోడు పోయిన శిష్యుడికి ఆ ఏడు కాళ్లు పడిపోయాయి. ఇక తోడెవరన్న మాట వచ్చింది. ఖలందరు వచ్చి ముందు నిలబడ్డాడు.

కొట్టంలో అందరూ నవ్వారు. ఖలందరు అత్తగారి ఊరు పక్కనే, ఇక్కడ తుమ్మితే అక్కడ చిరంజీవ అంటారు. ఆ మాత్రం దూరానికే బండిలో అతను పెట్టే మూలుగులకు ఊరి కుక్కలు కూడా జాలిపడి వెంట నడిచేవి. చక్రం ఒకసారి తిరిగితే ఒక "అబ్బా". గతుకొస్తే రెండు.

తాత కూడా నవ్వాడు. నవ్వి, అన్నాడు.

"సరే, రారా. పోయొచ్చి ఇల్లు చేరేదాకా నీ నోట అబ్బా అనే మాట రాకూడదు. వచ్చిందా, మరుసటేటికి ఇంకొకర్ని చూసుకుంటా."

ఖలందరు తాత కాళ్లు పట్టుకుని ఒప్పుకున్నాడు. ఆ కాళ్లు అప్పటికే వాచి ఉన్నాయి. ఈ ముసలాయన ఇంకెన్నేళ్లు పోగలడు, పోయినన్నాళ్లూ పక్కన నేనే ఉండాలి అనుకున్నాడు. అతనికి తండ్రి ముఖం తెలీదు. ఒంటిమీద చెయ్యి వేసి పలకరించిన పెద్దదిక్కు తాత ఒక్కడే.

ఆ రోజు నుంచి ఖలందరు ఇంట్లో దూది ఏకే విల్లు మోత ఆగలేదు. రేగిన దూది ఊరంతా కమ్మేసి కాకులన్నీ కొంగలైపోయాయి. ముందొక పరుపు కుట్టాడు. తర్వాత నడుము కిందికొక దిండు, మెడ కిందికి సన్నది, మోకాళ్ల కిందికి గుండ్రటిది, మడమలకు పిల్ల దిండ్లు, కుదుపుకు తల గూటికి తగలకుండా నెత్తి మీదికొకటి. ఎడమ చెవికి గాలి పడదని చెవికి కూడా ఒకటి కుట్టబోతే భార్య నబీసా సూది లాక్కుంది.

"ఈయనకి బండెందుకు? పరుపు కింద చక్రాలు కట్టి తోసేస్తే సరి," అంది.

దిండ్లతో పాటు నియమాలూ తయారయ్యాయి. దూర ప్రయాణంలో మనిషి బండికి వెనకవైపే చేరాలి, అక్కడైతే కాళ్లు బయటికి చాపుకోవచ్చు, ఎద్దుతోక మూతికి తగలదు. అరకడుపే తిని ఎక్కాలి, మిగతా సగం ఎక్కాక తినాలి. గతుకు వచ్చేముందు పళ్లు బిగించి ఊపిరి వదిలెయ్యాలి. ఎండ ఏ పక్క ఉంటే ఆ పక్కకు తడిదుప్పటి. ఇంకెంత దూరమని ఎవర్నీ అడగకూడదు, అడిగిన ప్రతిసారీ దారి ఒక ఆమడ సాగుతుంది. ఇవన్నీ అతను దర్జీకి చెప్పాడు, మంగలికి చెప్పాడు, ఇల్లు కదలని నబీసా వాళ్లవ్వకు కూడా చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, చచ్చినాక మోసుకుపోయేటప్పుడు పాటిస్తానంది.

బండి కదిలింది. తోలేవాడు ఓబుళేసు. ఒకటి తెల్లెద్దు, ఒకటి మచ్చలెద్దు. ఖలందరు వెనక భాగమంతా పరుపు పరిచి, దిండ్లన్నీ ఎక్కడివక్కడ సర్ది, నవాబులా వాలిపోయాడు. పక్కన తాతకూ చోటు ఉంచాడు.

తాత రాలేదు. ముందుకుపోయి, గూడు నీడ కూడా దాటి, ఓబుళేసు పక్కన చెక్క మీద గొంతుక్కూర్చున్నాడు. చాదరు మూట ఒళ్లో ఉంది.

"ఇట్లా రా తాతా. మెత్తగుంది."

"ఉండనీలే. నువ్వు పండుకో."

ఖలందరు పండుకున్నాడు. నియమాలు ఎంత బాగా పనిచేశాయంటే, బండి ఏట్లో దిగి ఒడ్డెక్కినా అతనికి తెలీలేదు. అతని గురకకు కొండమీది చిరుతలు మకాం మార్చాయి. మొదటి రోజు అబ్బా రాలేదు. రెండో రోజూ రాలేదు. మూతి మీద చిరునవ్వు తప్ప ఇంకేమీ రాలేదు.

మెలకువ వచ్చినప్పుడల్లా తాత వంక చూసేవాడు. ఆయనకు కుదురు లేదు. మిట్ట ఎక్కేటప్పుడు చెక్క దిగి ఇంకా ముందుకు జరిగి, ఎద్దుల మధ్యకు పోయే నొగ మీదికెక్కి, వాచిన కాళ్లు వేలాడేసి కూర్చుంటాడు. పల్లంలోకి దిగేటప్పుడు పాకుతూ మళ్లీ గూట్లోకి వస్తాడు. మిట్ట వస్తే మళ్లీ బయటికి. ఎండలోకి, దుమ్ములోకి, ఎద్దుతోకల విసురులోకి. ముసలితనంలో మనిషి చిన్నపిల్లాడైపోతాడని ఖలందరు జాలిపడ్డాడు.

ఓబుళేసు ఒకటి రెండు సార్లు వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయాడు. అతను నోరు తెరిచిన ప్రతిసారీ తాత అతని చేతిలో ఒక తమలపాకు పెట్టి, పాట పాడమన్నాడు. ఓబుళేసు గొంతు విప్పితే పొలాల్లో పంట బెదిరి ఒక పక్కకు వాలేది. అయినా తాత అడిగి మరీ పాడించుకున్నాడు.

బస చేసిన చోటల్లా ఖలందరు తాత కాళ్లు ఒళ్లో పెట్టుకుని నువ్వులనూనె రాసేవాడు. ఒక సాయంత్రం చూస్తే తొడ లోపలివైపు చర్మం లేచి ఉంది. నొగ ఒరుసుకుని అరచేతంత మేర ఎర్రగా కమిలింది. ఖలందరుకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడవలేక తిట్టాడు. కుదురుగా కూర్చోవని, చెప్పిన మాట వినవని, పసిపిల్లల్ని పట్టుకురావడమే నయమని. తాత ఆ తిట్లన్నీ విని, నూనె ఇంకొంచెం కాచి రాయమన్నాడు.

ఆఖరి కనుమ వచ్చింది. ఆ కనుమ దాటితే దర్గా. ఎక్కుడు మొదలయ్యే చోట ఓబుళేసు దిగి, ఎద్దులకు నీళ్లు పెట్టి, వాటి మెడతాళ్లు సరిచేస్తున్నాడు. కనుమలో ఎద్దుల పక్కన తను నడుస్తానన్నాడు. ఆ మాట వినగానే తాత చాదరు మూట భుజాన వేసుకుని నొగ మీదికి పాకడం మొదలుపెట్టాడు, ఆ కమిలిన తొడతోనే.

ఖలందరు ఇక ఆగలేకపోయాడు.

"తాతా, ఎన్ని వేలమందికో దారి చెప్పినావు. బండిలో కూర్చునే దారి మటుకు నీకు తెలీలేదు. నా మీద ఒట్టు. ఒక్కసారి వచ్చి నా పక్కన పండుకో. ఎట్లా పోవాలో నేను నేర్పిస్తా."

తాత ఆగి అతని వంక చూశాడు. అంత పెద్ద శరీరంలో ఎక్కడ వెతికినా ప్రేమ తప్ప ఏమీ కనబడలేదు కాబోలు, ముఖం మెత్తబడింది.

"నేర్పిస్తావా?"

"నేర్పిస్తా."

"ఓబుళేసూ," అన్నాడు తాత, "కాడి గట్టిగా పట్టుకో నాయనా."

నొగ దిగాడు. చెక్క దాటాడు. గూట్లోకి వచ్చి, ఇరుసు దాటి, పరుపు మీద ఖలందరు పక్కన మెల్లగా కూర్చున్నాడు.

నొగ పైకి లేచింది. దాంతో పాటు కాడి లేచింది. మెడతాళ్లు బిగుసుకుని ఎద్దులు రెండూ చుక్కలు లెక్కపెట్టేవాటిలా మూతులు ఆకాశానికి ఎత్తాయి. మచ్చలెద్దు గుడ్లు తేలేసింది. ఓబుళేసు కాడికి వేలాడుతున్నాడు, అతని పాదాలు నేలకు ఇంత ఎత్తున ఆడుతున్నాయి. ఖలందరు దిండ్లతో సహా జారి సగం బండి బయటికి వచ్చాడు.

తాత జానెడు ముందుకు జరిగాడు. ఇంకో జానెడు. కాడి దిగింది. ఎద్దులు గట్టిగా శ్వాస వదిలాయి.

తాత మళ్లీ జానెడు వెనక్కి జరిగాడు. కాడి లేవబోయింది. వెంటనే ముందుకు జరిగాడు. దిగింది.

ఓబుళేసు నోట్లో ఆకు ఉంది గానీ నమలడం మానేశాడు.

"చెప్పురా," అన్నాడు తాత చాలా మెల్లగా. "యాడ పండుకోమంటావు?"

ఖలందరు కాడి వంక చూశాడు. ఎద్దుల మెడల వంక చూశాడు. తర్వాత తాత తొడ వంక చూశాడు, చూసి తల దించుకున్నాడు. మిట్టలూ పల్లాలూ, అన్ని రోజుల దారీ, అతని కళ్ల ముందు నుంచి మళ్లీ ఒకసారి వెనక్కి నడిచిపోయింది.

లేచి పరుపు దులిపాడు. తాతను రెండు చేతులా ఎత్తి దాని మీద పడుకోబెట్టాడు. దూది మూటను ఎత్తినట్టే ఉంది. మెడ కింద సన్నటి దిండు, మోకాళ్ల కింద గుండ్రటిది, మడమల కింద పిల్ల దిండ్లు పెట్టాడు. ఎండ పడే పక్కకు తడిదుప్పటి కట్టాడు. తాత వద్దనలేదు. కళ్లు మూసుకున్నాడు.

ఖలందరు ముందుకుపోయి చెక్క మీద కూర్చున్నాడు. కూర్చోగానే ఎద్దుల మెడలు కుంగి, వాటి కింద వేలాడే గంగడోళ్లు నేలను ఊడ్చాయి.

"ఏమయ్యా, ఎద్దుల్ని భూమిలో నాటుతావా?" అన్నాడు ఓబుళేసు.

ఖలందరు కొద్దిగా వెనక్కి జరిగాడు. చూశాడు. ఇంకొద్దిగా జరిగాడు. కాడి మెడల మీద అరిటాకులా ఆనే చోటు కోసం వెతికి వెతికి పట్టుకున్నాడు. అది సరిగ్గా ఇరుసు మీదుంది. బండి మొత్తం మీద అంత గట్టి చోటు ఇంకొకటి లేదు. దారిలో ఉన్న రాళ్లన్నీ ఒక్కొక్కటే వచ్చి పలకరించిపోయే చోటది. అతనికని ఒక్క దిండూ మిగల్లేదు.

బండి కనుమ ఎక్కింది. మిట్టకు ముందుకు, పల్లానికి వెనక్కి, మళ్లీ ఇరుసు మీదికి, ఖలందరు బల్లిలా పాకుతూనే ఉన్నాడు. అతని కళ్లు కాడి మీద నుంచి పక్కకు పోలేదు. అరకడుపు సంగతీ, ఊపిరి వదిలే సంగతీ, ఎద్దుతోక సంగతీ ఏవీ గుర్తు రాలేదు. తోక వచ్చి మూతి మీద కొడుతూనే ఉంది. వెనక నుంచి తాత గురక వినిపించింది, సన్నగా, పిల్లి కడుపులో నుంచి వచ్చినట్టు.

అవతలి వాలులో, అంతా అయిపోయిందనుకున్న చోట, ఏనుగంత రాయి ఒకటి చక్రం కింద పడింది. ఇరుసు ఎగిరి ఖలందరు వెన్నెముకను కింద నుంచి పై దాకా ఒక్కసారిగా మోగించింది.

"అబ్బా!"

అది మామూలు అబ్బా కాదు. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నవన్నీ కలిసి ఒక్కటిగా వచ్చాయి. ఎదురు కొండ దాన్ని అందుకుని అబ్బా అంది, దాని పక్క కొండ అంది, ఎక్కడో దూరాన కనబడని కొండలు కూడా వరసగా అన్నాయి.

ఖలందరు రెండు చేతులా నోరు మూసుకున్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. తాత కళ్లు మూసే ఉన్నాయి. ఓబుళేసు మాత్రం ఎద్దుల చెవుల్లో ఏదో చెబుతున్నట్టు తల అవతలికి తిప్పుకున్నాడు.

దర్గాలో తాత చాదరు కప్పాడు. దువా చేశాడు. ఖలందరు వెనక నిలబడి, అందరూ చేతులు దించాక కూడా తన చేతులు దించలేదు. తిరుగుదారిలో ఇరుసు మీదే కూర్చున్నాడు, తాతను పరుపు మీదే పడుకోబెట్టాడు. ఓబుళేసు అడక్కుండానే పాడాడు, అయినా ఖలందరు చెవులు మూసుకోలేదు.

ఊరొచ్చింది. తాతను కొట్టం ముందు దింపి, కాళ్లకు చెప్పులు తొడిగి, ఖలందరు అక్కడే నిలబడిపోయాడు. చంకలో దిండ్లున్నాయి.

"తాతా, నువ్వు పండుకున్నప్పుడు, కనుమలో, నేను ఆ మాట అన్నా."

"విన్నాలేరా. కొండలన్నీ చెప్పినాయి."

ఖలందరు తల ఊపాడు. దిండ్లు ఇంకో చంకలోకి మార్చుకుని ఇంటివైపు తిరిగాడు.

"ఒరే," అని పిలిచాడు తాత.

అతను ఆగాడు.

"వచ్చే ఏడు ఆ మెడకింది దిండు మర్సిపోవాకు."