కడుపుమంటతో లేచిన గోడ

అనగా అనగా, గోదారి నడుమ ఒక లంక ఊరుండేదమ్మా. అక్కడ ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దావిడ వీరవేణి, చిన్నావిడ బుల్లెమ్మ. దుప్పటి కప్పుకో, చెప్తాను.

ఒక ఏడు గాలివాన వచ్చి ఇద్దరి తాటాకిళ్ళూ ఎగరేసుకుపోయింది. అప్పుడు ఇద్దరూ పక్కపక్కనే గట్టి గోడల ఇళ్ళు మొదలుపెట్టారు.

వీరవేణి ఇటుకల బట్టీకి వెళ్ళింది. రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది. ఖంగుమన్నాయి. గోటితో గీసింది. గీత పడలేదు. బాగా కాలిన ఇటుకన్నమాట. బండికెత్తించి తెచ్చుకుంది.

బుల్లెమ్మేమో సిమెంటు దిమ్మలు తెప్పించింది. ఒక్కోటీ నీ తలగడంత ఉంటుంది, లోపల బోలు. "ఇల్లు కడతావా, పెట్టెలు పేరుస్తావా?" అని నవ్వింది వీరవేణి.

ఆ నవ్వు నాలుగు రోజులు కూడా నిలవలేదు. దిమ్మ పెద్దది కదా, గోడ గబగబా లేస్తుంది. వీరవేణి గోడ మోకాలి దాకా వచ్చేసరికి బుల్లెమ్మది నడుము దాటింది. దారినపోయేవాళ్ళు అక్కడ ఆగి "భలే లేస్తోందే!" అంటారు. ఇక్కడ ఒక్కరూ ఆగరు.

పైగా బుల్లెమ్మా, మొగుడూ కలిసి కట్టుకుంటున్నారు. వాళ్ళాయన తాపీ పట్టడం కొత్తగా నేర్చుకున్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూ సిమెంటు పూసుకుంటారు. వీరవేణి మొగుడేమో పడవ మీద సరుకేసుకుని ఊళ్ళు తిరుగుతుంటాడు. అందుకని ఆ నవ్వులు వినపడితే వీరవేణికి ముద్ద దిగేది కాదు.

అప్పుడు బుల్లెమ్మ వచ్చి అడిగింది. "అక్కా, నువ్వు ఇటుకలు నానబెడుతున్నావుగా. దిమ్మలు కూడా నానబెట్టాలా?"

వీరవేణికి తెలుసమ్మా. తన గోడ కట్టే మేస్త్రి అప్పన్న ముందే చెప్పాడు. ఇటుక నానాలి, లేకపోతే సిమెంటులో నీరంతా తనే తాగేస్తుంది. దిమ్మ పొడిగా పెట్టాలి, నానితే ఆరాక ముడుచుకుని గోడ బీటలిస్తుంది. అన్నీ తెలిసి కూడా, "ఆఁ, బాగా నానబెట్టు" అంది.

బుల్లెమ్మ నమ్మింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆమె గోడ మీద సన్నగా బీటలు పాకాయి. అవి చూసినా వీరవేణి కడుపు చల్లబడలేదు. బీటలున్నా ఆ గోడే ఎత్తు కదా!

అప్పుడు మేస్త్రితో అంది, "ఇటుకలు నానబెడుతూ కూచోకు. సాయంత్రానికి నా గోడ దానికంటే పైన ఉండాలి."

"ఒక్కరోజులో అంతెత్తు వద్దమ్మా. కింది వరసలు బిగుసుకోవాలి."

"నా గోడ, నా ఇష్టం!"

అతను గొణుక్కుంటూనే లేపాడు. సాయంత్రానికి వీరవేణి గోడ బుల్లెమ్మ గోడకంటే జానెడు ఎత్తయింది. ఆ పూట ఆవిడ కడుపునిండా తింది. కట్టిన గోడకి నీళ్ళు చల్లాలన్న ధ్యాసే లేదు.

తెల్లారాక వీరవేణి రేవుకి వెళ్ళింది. అప్పుడు గోదారి మీంచి ఒక్క గాలి విసురు విసిరింది. బిందెతో తిరిగొచ్చేసరికి ఏముంది? గోడ కూలిపోయింది, తల్లీ. ఇటుకల కింద బుల్లెమ్మ కాలు!

వీరవేణి బిందె పారేసి పరిగెత్తింది. గోళ్ళు ఊడేలా ఇటుకలు లాగింది. "నా గోడ దగ్గర నీకేం పనే?"

"ఎండిపోతోంది కదక్కా, నీళ్ళు చల్లుదామని వచ్చా."

వీరవేణి చివరి ఇటుక తీసి పక్కన పడేసింది. "దిమ్మలు నానబెట్టమని కావాలనే చెప్పానే. కుళ్ళుతో చెప్పాను."

బుల్లెమ్మ ఆవిడని చూసి మొహం తిప్పేసుకుంది.

కాలు విరిగింది. కట్టు కట్టారు. వీరవేణి రోజూ జావ కాచి తీసుకెళ్ళేది. బుల్లెమ్మ తాగేది, మాట్లాడేది కాదు.

ఆ తర్వాత వీరవేణి తన గోడ సంగతి పక్కన పెట్టింది. బుల్లెమ్మ గోడలో బీటలిచ్చిన వరసలు విప్పించింది. పొడి దిమ్మలు తెప్పించింది. సందు మీద సందు రాకుండా మేస్త్రి పేరుస్తుంటే, ఒక్కొక్కటీ తనే మోసి అందించింది. మళ్ళీ జనం ఆగి "బుల్లెమ్మ ఇల్లు ఎంత బాగుందో!" అన్నారు. వీరవేణికి చురుక్కుమంది. అయినా పళ్ళు బిగించి ఇంకో దిమ్మ ఎత్తుకుంది.

పైకప్పు వేసిన రోజు బుల్లెమ్మ మొగుడి భుజం పట్టుకుని కుంటుతూ వచ్చింది. గోడ నిమిరి చూసింది. అప్పుడు నోరు విప్పింది.

"అక్కా, వానల్లోపు నీ ఇల్లు లేవదు. నీ మంచం మా ఇంట్లో వేసుకో."

వీరవేణి భోరుమంది. "మళ్ళీ కుళ్ళుకుంటానేమోనే!"

"కుళ్ళుకో. కాకపోతే నాతో చెప్పి కుళ్ళుకో" అంది బుల్లెమ్మ. ఇద్దరూ ఏడుస్తూనే నవ్వేశారు.

తిన్నగా గోడ నిలబడింది,
తోడికోడలి మనసు కుదుటపడింది.
కథేమో కంచి బండెక్కింది,
నా బంగారానికి కన్నంటుకుంది.