పంపకాల గౌరి వ్రత కథ: పేరిందేవి తండ్రి బాకీ తీర్చిన విధము

అక్షతలు చేతబట్టుకొని, పిల్లల అల్లరి మాన్పించి, ఈ కథ వినవలెను.

పూర్వము జాబాలి మహర్షి మౌద్గల్యుని జూచి, "స్వామీ! తండ్రి పోయిన యింట దుఃఖము చల్లారక మునుపే తగవు రాజుకొనుచున్నది. ఆస్తి యనగా చేతులు చాచువారు అప్పు అనగానే ముఖము చాటు చేయుచున్నారు. దీనికి వ్రతమేదైన కలదా?" అని యడిగెను. మౌద్గల్యుడు "కలదు, అది పంపకాల గౌరి వ్రతము" అని యిట్లు చెప్పెను.

కృష్ణాతీరమున పడుగులపాడను ఊర నాగలింగమను సాలె యుండెను. అతనికి ఈరన్న, మల్లప్ప అని యిద్దరు కొడుకులు, పేరిందేవి యని యొక కూతురు. ఆమె పడవ నడుపు భర్తతో పక్క వీధిలోనే కాపురముండెను. ఆస్తి యనదగినది మగ్గమొక్కటే. అందరును వంతులవారీగా నేయగా ఆ మగ్గమే అన్ని యిళ్ళకును కూడు పెట్టుచుండెను. పేరిందేవి చేతి పనితనము చూచి తండ్రి మురిసి, "ఈ మగ్గం నీదేనే" అని నోట ననుచుండెడివాడు.

ఒకప్పుడు నాగలింగమునకు జబ్బు చేసెను. ఈ గండము గడచినచో ఎవరికేది చెందునో, తానెవరికేమి బాకీయో సాక్షుల యెదుట వ్రాసి వ్రతము చేసెదనని గౌరికి మ్రొక్కుకొనెను. జబ్బు తగ్గెను. కూతురు గుర్తుచేయగా ఈ చీర మగ్గము దిగనిమ్మనెను. చీర దిగెను. పండుగ వెళ్ళనిమ్మనెను. పండుగయు వెళ్ళెను. ఇట్టివారిని మనమెరుగమా? ఆలస్యము అమృతమును విషము చేయును. నాగలింగము మగ్గము మీదనే కన్ను మూసెను.

చచ్చినవాని కళ్ళు చారెడన్నట్లు ఊరంతయు పొగడెను. పదవనాడు ఏటి యొడ్డున పిండము పెట్టగా కాకి వచ్చి, చూచి, ముట్టక పోయెను. గుడికి గంట కట్టించెదమని, అన్నదానము చేసెదమని కొడుకులు మ్రొక్కిరి. కాకి మరలి రాలేదు. అప్పుడు నూలమ్ము గవరమ్మ ముందుకు వచ్చి, నాగలింగము తనవద్ద తెచ్చిన నూలుకు బాకీ యున్నాడని మెల్లగా చెప్పెను. "ఆయన తీసుకున్నది ఆయనతోనే పోయింది" అని ఈరన్న కసరెను. పేరిందేవికి తల కొట్టేసినట్లయ్యెను. అయినను ఆ బాకీని తానును ఒప్పుకొనలేదు.

పంపకాల వేళ అన్నలు ఆడపిల్లకు పసుపు కుంకుమలే వాటా యనిరి. మగ్గము తనదేనని తండ్రి యన్నాడని ఆమె చెప్పగా, కాగితమేదని యడిగిరి. కాగితము లేదు. "నా వాటా తేల్చేదాకా ఈ గడప దాటను అన్నయ్యా" అని ఆమె కూర్చుండెను. అన్నలు మండిపడి మగ్గమునే విప్పిరి. పోగులు దువ్వు అచ్చు ఈరన్న, బట్ట చుట్టు దోనె మల్లప్ప, పేక నడుపు నాడె పేరిందేవి పట్టుకొని పోయిరి. పంతము కొద్ది ఆమెయు వలదనలేదు. తిలాపాపము తలా పిడికెడు!

నాడె యొక్కదానితో ఏమి నేయవచ్చును? మూడిళ్ళలోను పొయ్యి చల్లారెను. తండ్రి బాకీ యెగవేసిన వారని ఊర నెవరును వారికి నూలు అరువీయరైరి. ఈరన్న కూలికి పోయెను. మల్లప్ప ఇంటి దూలములు అమ్ముకొనెను.

సంవత్సరీకము నాడు మరల పిండము పెట్టిరి. కాకి దూరముననే కూర్చుండెను. పేరిందేవి తాళలేక, "నాన్నా! బాకీ అంతా నేనే తీరుస్తా. నా పుస్తెలమ్మి అయినా తీరుస్తా!" అని యెలుగెత్తి చెప్పెను. కాకి కొంత దగ్గరకు గెంతి, తిరిగి వెనుకకు పోయెను. ఆమెకు ఏడుపు పొంగుకొని వచ్చెను.

అంతట గౌరీదేవి ముదుసలి రూపమున ఆమె ప్రక్కకు వచ్చి, "పిచ్చిదానా, నీ పుస్తెల జోలికి ఎవరు పొమ్మన్నారే? తండ్రి సొత్తు ఎంత వచ్చిందో అంతమేరకే బిడ్డలకు తండ్రి బాకీ. సొత్తు ముగ్గురు పంచుకుని, బాకీ ఒక్కదానివే మోస్తానంటే మీ నాన్నకు ముద్ద దిగుద్దా?" అనెను.

"మగ్గం నాదన్నాడు కదవ్వా?"

"అన్నాడు. రాయలేదు. రాయనప్పుడు బిడ్డలందరూ సమానమే. ఆడపిల్లవని తక్కువా లేదు, ముద్దుల కూతురివని ఎక్కువా లేదు. ముందు బాకీ, తర్వాతే వాటా" అని చెప్పి అదృశ్యమయ్యెను.

పేరిందేవి కన్నీరు తుడుచుకొని అన్నల యెదుట నిలిచెను. "మగ్గం నాకే కావాలని ఇంక అడగను. మీ ముక్కలు మీరు తెండి. తేకపోతే మీ గుమ్మాల్లోనే కూర్చుంటా" అనెను. ఆమె పట్టుదల యెరిగినవారు గనుక అచ్చును దోనెను తెచ్చిరి. నాడెతో కూడ వానిని ఇసుకలో నుంచి, గవరమ్మను పిలిపించి ఆమె వినుచుండగా, నా వాటా మేరకు నాన్న బాకీ నాదని పేరిందేవి పలికెను. మల్లప్ప పలికెను. పిమ్మట ఈరన్న వంతు వచ్చెను. "నా వాటా మేరకు..." అని అతడు నోరు తెరచినంతనే కాకి వచ్చి పిండము నెత్తుకొనిపోయెను. కొడుకులు ఇసుకలో కూలబడి తండ్రిని తలచుకొని ఏడ్చిరి.

మగ్గము మరల లేచెను. నేసిన మొదటి చీరలు గవరమ్మ బాకీకి చెల్లెను. పిమ్మటి రాబడిని మువ్వురును సమముగా పంచుకొని, వ్రతము సలిపి, సిరిసంపదలతో వర్ధిల్లిరి.

ఈ వ్రతమును ఇల్లు, పొలము, మగ్గము, పాడిగేదె ఏది కలవారైనను చేయవలెను. ఆడపిల్లలు కలవారు తప్పక చేయవలెను. బుద్ధి స్థిరముగా నున్నపుడే వీలునామా వ్రాసి, ఇద్దరు సాక్షుల యెదుట వ్రాలు చేసి, వారిచేతను వ్రాలు చేయించవలెను. మనసు మారినచో మరల వ్రాయవచ్చును, కడపట వ్రాసినదే చెల్లును. ఇట్లు చేసినవారి బిడ్డలు ఒక పంక్తిని భుజింతురు, ఏటి యొడ్డున కాకికై యెదురుచూడరు.

కథ ముగిసినది. అక్షతలు ఇంకను తలమీద వేసుకొనరాదు, ప్రసాదమును పంచరాదు. ముందుగా ఇంటి పెద్ద లేచి, తానెవరికేమి ఈయవలసి యున్నదో బిడ్డలందరు వినునట్లు చెప్పవలెను.