దొరగారి చేతికి గాజులు

పెద్దలు పదిమంది చేరితే పిల్ల నోరు మూయించడం మన ఇళ్లలో పాత జబ్బు. జగ్గరాజు దొర కూడా మనవరాలు కనకాంగి పెళ్లి మాట్లాడటానికి బంధువులందరినీ పిలిచి, ఆ పిల్లను మాత్రం లోపలి గదిలో కూర్చోబెట్టాడు. సంబంధం ఖాయమైంది. ప్రధానానికి గాజులు తొడగమని గాజుల అచ్చమ్మకు కబురు వెళ్లింది.

అచ్చమ్మ గాజుల మలారం దించి, నేరుగా దొర చెయ్యి పట్టుకుని వేళ్లు నొక్కింది.

"ఏమే ముసలీ, మతిపోయిందా?"

"పెళ్లికి ఒప్పుకున్నది తమరే కదా దొరా! వేళ్లు దగ్గరికి పెట్టండి, లేకపోతే నొప్పి పుడుతుంది."

"పెళ్లి నాకా? నా మనవరాలికి!"

"మరి ఇంతమందిలో ఆ తల్లి కనపడదేం? తొడుక్కునే చెయ్యి లేకుండా కొలత చూసే విద్య నాకు రాదు బాబూ."

దొరకు కోపం రాబోయి నవ్వొచ్చింది. కనకాంగిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నీ మాటేమిటో చెప్పమ్మా."

"పెళ్లికొడుకు పేరేమిటి తాతయ్యా?"

దొర తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు మేనల్లుడి వైపు చూశాడు. పెళ్లికొడుకు ఇంటి పొలం, పశువుల సంగతి అందరికీ తెలుసు. పేరు మాత్రం ఎవరూ అడగలేదు.

"ముందు ఆ అబ్బాయిని పిలిపించండి," అన్నాడు దొర తల దించుకుని. "మా పిల్ల చూసి సరేనంటేనే ప్రధానం."