పట్టుగుడ్డ మీది ఇళ్లు

ఆ కోట పట్నంలో ఇల్లు అమ్మాలన్నా కొనాలన్నా దళారి విరూపాక్షయ్య చెయ్యి పడాల్సిందే. గాజులమ్ముకునే కోటమ్మ తన ఇల్లు అమ్మకానికి పెట్టిందని తెలిసి, ఆ బేరం తనకే అప్పగించమని పల్లకీలో వచ్చి దిగాడు.

అరుగు మీద బారెడు పట్టుగుడ్డ పరిచాడు. తాను బేరం కుదిర్చిన ఇళ్లన్నీ దాని మీద రంగుల్లో గీయించి ఉన్నాయి. తర్వాత తాటాకుల కట్ట విప్పి, జనం రాసిచ్చిన మెచ్చుకోళ్లు రాగం తీసి చదివాడు.

"'ఇంత చవగ్గా ఇంత మంచి ఇల్లు దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు!' విన్నావా కోటమ్మా? అందరిదీ ఇదే మాట!"

కోటమ్మ ఓపిగ్గా అంతా వింది.

"ఇవన్నీ కొన్నవాళ్ల మాటలు కదా బాబూ. నేను అమ్మేదాన్ని. అమ్మినవాళ్లు రాసిచ్చిన ఆకు ఒక్కటి చదవండి."

విరూపాక్షయ్య కట్టంతా తిరగేశాడు. మళ్లీ తిరగేశాడు. ఒక్క ఆకూ దొరకలేదు.

"పోనీలెండి. నేను ఇల్లు కొనుక్కునే రోజున మీకే కబురు పెడతాను," అంది కోటమ్మ.

పల్లకీ వెళ్లిపోయింది. ఇరుగుపొరుగు పగలబడి నవ్వారు. కోటమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఆ గుడ్డ మీద నాలుగో ఇల్లు వాళ్లక్కది. కారుచౌకగా పోయింది. నిరుడు అక్క వేలిముద్ర వేసిన రోజున, గాలికి లేవకుండా ఆ గుడ్డ కొస పట్టుకుని, "ఎంత ముద్దుగా గీశారో చూడవే అక్కా!" అని మురిసిపోయింది తనే.